గెస్టుగారు వస్తున్నారు, టేపు పీకేయండి

ఒడిశాలో ఉన్న మన బరంపురానికి పట్టుంది, అప్పడం ఉంది, ఆవకాయ ఉంది. లేనిదల్లా డిజైన్ ఒక్కటే. ఆ లోటు పూడ్చడానికి చలి మొదలవగానే పెద్ద ఊళ్ల నుంచి గెస్టు లెక్చరర్లు రైలు దిగుతుంటారు. ఎండాకాలం ఎవరూ రారు. ఎండల్లో మనకి డిజైన్ అవసరం ఉండదు కాబోలు.

మొన్న అలాంటి ఉపన్యాసం ఒకటి వినే భాగ్యం కలిగింది. అంశం, సమాజంలో డిజైన్ పాత్ర. కాలేజీ పేరు అడక్కండి. ఏ కాలేజీలోనైనా సభ ఇలాగే జరుగుతుంది, మీకు తెలిసిన పేరు పెట్టుకుని చదువుకోవచ్చు.

గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. అందులో ప్రిన్సిపాల్‌గారు, సెక్రటరీగారు, కరస్పాండెంటుగారు, వారి కీర్తిశేషులైన తండ్రిగారు, మధ్యలో గెస్టుగారు. సభ ఎన్ని గంటలకో, ఏ హాల్లోనో రాయడానికి చోటు చాలక కింద మూలన చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు. జనం ముందు ఏది చూడాలో దాన్నే పెద్దగా చూపించడం డిజైన్‌లో మొదటి సూత్రమని లోపలికెళ్లాక గెస్టుగారే చెప్పారు. ఆ లెక్కన ఫ్లెక్సీలో వంక పెట్టడానికేం లేదు.

అసలు కథ స్విచ్చిబోర్డుది. వేదిక పక్క గోడకి పన్నెండు స్విచ్చులు, అన్నీ ఒకే రంగు, ఒకే సైజు. ఏది నొక్కితే ఏది తిరుగుతుందో భగవంతుడికీ, అటెండరుకీ తప్ప తెలీదు. ఇది మన ఊరికే పట్టిన రోగం కాదు లెండి. డొనాల్డ్ నార్మన్ అనే అమెరికా ప్రొఫెసరు 1988లో వచ్చిన తన పుస్తకంలో ఇలాంటివే ఏకరువు పెట్టాడు. తోయాల్సిన తలుపుకి లాగే పిడి ఎందుకు పెడతారు? పొయ్యి మీద బర్నర్లు చదరంగా ఉంటే వాటి నాబ్‌లు ఒకే వరసలో ఎందుకుంటాయి? మనిషి తప్పు స్విచ్చు నొక్కితే తప్పు మనిషిది కాదు, బోర్డుదే అని ఆయన తీర్పు.

మన అటెండరు ఆ పుస్తకం చదవలేదు. ఆసుపత్రిలో కట్లు కట్టే తెల్ల టేపు తెచ్చి, ముక్కలు కోసి, ఒక్కో స్విచ్చు కింద ఒక్కోటి అతికించి, బాల్‌పెన్నుతో రాశాడు. ‘స్టేజి ఫ్యాను’. ‘ఎనక లైట్లు’. ‘ఇది ముట్టుకోకండి’. ఎవరికి వచ్చింది వాళ్లు చదువుకుంటారని పైన తెలుగులో, కింద ఒడియాలో.

సభకి ముందురోజు హాలు చూడ్డానికొచ్చిన కమిటీవారి కంట ఆ టేపు పడింది.

“డిజైన్ మీద మాట్లాడ్డానికి అంత పెద్దాయన వస్తుంటే గోడకి ఈ ముక్కలేంటయ్యా, అసహ్యంగా? పీకేయ్.”

“పీకేస్తే రేపు ఏది ఏటో తెలీదు బాబూ.”

“నువ్వుంటావు కదా.”

“నాకు రేపు గేటు డూటీ ఏసారు బాబూ.”

పీకేయించారు. జిగురు మరకలు పోకపోతే కిరసనాయిలు పెట్టి తుడిపించారు కూడా.

మర్నాడు జ్యోతి ప్రజ్వలన. అగ్గిపుల్ల గీయడం, ఫ్యాను గాలికి ఆరిపోవడం. ఫ్యాను ఆపమని సైగ చేశారు. ఎన్‌ఎస్‌ఎస్ కుర్రాడు ఒక స్విచ్చు నొక్కితే వెనక లైట్లు పోయాయి. ఇంకోటి నొక్కితే మైకు పోయింది. మూడోది నొక్కితే హాల్లో ఏమీ కాలేదు గానీ పక్క గదిలో ఎవరో గట్టిగా అరిచారు. గెస్టుగారు మాత్రం కొవ్వొత్తి పట్టుకుని చిరునవ్వు చెదరకుండా నిలబడే ఉన్నారు. ఫోటో ఎలాగూ వచ్చేసింది కాబట్టి దీపం వెలగడం అంత ముఖ్యమని ఎవరికీ తోచలేదు.

ఉపన్యాసం బాగుంది. ఈ ఉపన్యాసాలన్నీ బాగానే ఉంటాయి, స్లైడ్లు అవే కనక. మొదటిది చెంబు. చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికా దంపతులు మన ప్రభుత్వం పిలిస్తే వచ్చి, దేశం తిరిగి చూసి, 1958లో ఒక నివేదిక ఇచ్చారు. తాము చూసిన వస్తువులన్నిట్లోకీ గొప్పదీ అందమైనదీ బహుశా చెంబే అన్నారు. నెత్తిన పెట్టుకుంటే ఎలా ఉంటుంది, చంకన పెట్టుకుంటే ఎలా ఉంటుంది, వంచితే నీళ్లెలా పడతాయి, తోమడానికి వీలుందా, పాత సామానుకింద అమ్మితే ఎంతొస్తుంది అని అన్ని వైపుల నుంచీ ఆలోచించారు. దీన్ని ఎవరో ఒక్క మనిషి డిజైన్ చేసి ఉండడని, తరతరాల చేతుల్లో తయారైందని తేల్చారు. ఆ నివేదిక చలవే 1961లో అహ్మదాబాద్‌లో వెలసిన జాతీయ డిజైన్ సంస్థ. చెంబుకి హాలంతా చప్పట్లు. గెస్టుగారు గొంతు తడుపుకుందామని బల్ల మీది ప్లాస్టిక్ సీసా మూత తిప్పారు, పళ్లతో కొరికారు, చివరికి పక్కనున్న సెక్రటరీగారికిచ్చారు.

రెండోది జైపూర్ కాలు. అప్పట్లో దొరికే విదేశీ కృత్రిమ పాదానికి బూటు తప్పనిసరి. మనవాడేమో చెప్పులు విప్పి గుళ్లోకి వెళ్లాలి, గొంతుక్కూచోవాలి, బురద మడిలో దిగాలి. అందుకు తగ్గ రబ్బరు పాదం చేసింది రామచంద్ర శర్మ అనే చేతిపనివాడు, డాక్టర్ పి.కె. సేథీ వంటివాళ్లతో కలిసి. సేథీగారికి 1981లో మెగసెసె అవార్డు వచ్చింది. స్లైడులో డాక్టరుగారి ఫోటో ఉంది, పాదం ఫోటో ఉంది. ఇంకో ఫోటోకి చోటు చాల్లేదు.

మూడోది 2010 నాటి రూపాయి గుర్తు. ఆయన గబగబా దాటేశారు, నేనూ దాటేస్తున్నాను.

తర్వాత గొంతు పెంచి, “ఇలాంటి ఊళ్లకి డిజైన్‌ని మోసుకురావాలి” అన్నారు. నిజమే మరి. రెండేళ్లకోసారి మన ఊరి అమ్మవారు బుఢీ ఠకురాణి పుట్టింటికొస్తుంది. ఆ పుట్టిల్లు దేశిబెహరా వీధి, నేతవాళ్ల పెద్దే ఆవిడకి తండ్రి. వీధి వీధే అమ్మవారి ఇల్లయిపోతుంది. చౌరస్తాల్లో కదలని రథాలు లేస్తాయి, పులి వేషాలు దిగుతాయి, ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. అంత జనానికీ ఎటు రావాలో, ఎటు పోవాలో పవర్‌పాయింట్ లేకుండానే తెలుస్తుంది. ఇదంతా డిజైన్ కిందికి వస్తుందని గెస్టుగారికి చెప్పాలని ప్రోగ్రాము షీటులో ఎక్కడా లేదు.

సన్మానానికి మాత్రం ఇద్దరు నేత పెద్దల్ని పిలిచారు, శాలువా కప్పడానికి. బరంపురం పట్టు, ఫొడా కుంభ అనే ఇక్కడి పాతకాలపు అంచు. గెస్టుగారు ఆ అంచు వేళ్లతో తడిమి ముచ్చటపడ్డారు.

“ఎవరు డిజైన్ చేశారిది?”

“ఎవరేటి బాబూ, మా తాతలూ ఇదే నేసేవోరు.”

“అంటే డిజైనర్ లేరన్నమాట,” అని పక్కాయనతో అన్నారు. పక్కాయన రాసుకున్నారు. చెంబు సంగతి చెప్పి అప్పటికి గంట కూడా కాలేదు.

ప్రశ్నల వేళ పిల్లలు ఫ్యాషన్ చదువులు చెప్పే నిఫ్ట్‌లో సీటుకి కోచింగ్ ఎక్కడ బాగుంటుందని అడిగారు, ప్యాకేజీ ఎంత అని అడిగారు. డిజైన్ డబ్బు కోసం కాదని గెస్టుగారు మందలించారు. అప్పుడు నేత పెద్దాయన లేచారు. “ఇదే అంచు పవర్‌లూము మీద కొట్టీసి సగం రేటుకి అమ్ముతున్నారు బాబూ. మేం ఏటి సెయ్యాల?”

బరంపురం పట్టుచీరకి జీఐ ట్యాగు, అంటే ఇది ఈ ఊరి సరుకేనని సర్కారు వేసే ముద్ర, ఎప్పుడో వచ్చింది. ఆ సంగతి పవర్‌లూముకి ఇంకా ఎవరూ చెప్పలేదు.

“చాలా మంచి ప్రశ్న. దీని మీద తప్పకుండా ఒక వర్క్‌షాప్ పెట్టాలి.”

మళ్లీ చప్పట్లు, వందన సమర్పణ, జాతీయ గీతం. ఆ తర్వాత గెస్టుగారిని ఆఫీసు గదికి తీసుకెళ్లి టీఏ బిల్లు ఫారం చేతికిచ్చారు. పేరు రాయడానికి వేలెడు చోటు, ‘కార్యాలయ ఉపయోగార్థం’ అని అరపేజీ. బయల్దేరిన వేళ ఒక పేజీలో, చేరిన వేళ వెనక పేజీలో. గెస్టుగారు కళ్లజోడు మార్చుకుని రాశారు, కొట్టేశారు, పైన మళ్లీ రాశారు. గంటన్నర ఉపన్యాసంలో పట్టని చెమట ఇక్కడ పట్టింది.

“ఈ ఫారం ఎవరు తయారు చేశారండీ?”

“తెలీదు సార్, మేం ఉద్యోగంలో చేరేనాటికే ఉంది,” అన్నాడు గుమస్తా. కాయితం వెలుగులో పెట్టి చూశాడు. “కొట్టివేతలుంటే ట్రెజరీవాళ్లు ఒప్పుకోరు సార్. ఇంకోటి రాయాల్సిందే. ఫారాలైపోయాయి, ఎదురు షాపులో జెరాక్స్ తీయించండి. రెండు వైపులా తీయమని చెప్పండి, లేకపోతే ఒకవైపే తీస్తాడు.”