లేబుల్ మీద పేరు లేకపోతే డాక్టరే లేనట్టా?

డాలస్ దగ్గర ఉండే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోంచి ఒక ఫార్వర్డ్ హైదరాబాద్ దాకా వచ్చింది. దాని సారం ఇది: అమెరికాలో కొన్ని రాష్ట్రాలు అబార్షన్ మాత్రల డబ్బా మీద డాక్టర్ పేరు తీసేస్తున్నాయి, ఇక ఎవరు రాశారో ఎవరికీ తెలియదు, ఆడపిల్ల ప్రాణం మీదికొస్తే అడగడానికి మనిషి ఉండడు, బలవంతంగా మింగించేవాళ్లకు అడ్డే ఉండదు, అయినా తప్పు చేయనివాడు పేరెందుకు దాచుకుంటాడు? చదవగానే నాకూ నిజమేనేమో అనిపించింది.

ఎవరికీ తెలియదు అన్న దగ్గరే పప్పులో కాలేశారు. న్యూయార్క్‌లో 2025 ఫిబ్రవరి 3న గవర్నర్ క్యాథీ హోకుల్ సంతకం పెట్టిన చట్టంలో ఉన్నది ఒక్కటే: డాక్టర్ కోరితే లేబుల్ మీద ఆయన పేరు బదులు క్లినిక్ పేరు వేయొచ్చు. మారేది డబ్బాకి అతికించే ఆ చిన్న కాగితం మాత్రమే. ప్రిస్క్రిప్షన్‌లో, ఫార్మసీ రికార్డులో, పేషెంట్ ఫైల్లో పేరు ఉన్నచోటే ఉంటుంది. పైగా అబార్షన్‌కి మొదట వేసుకునే మాత్ర మిఫెప్రిస్టోన్ ఎవరు పడితే వాళ్లు రాసే మందు కాదు. 2000లో ఆమోదించినప్పటి నుంచి అక్కడ మందులకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని ప్రత్యేక ఆంక్షల మధ్యే ఉంచింది. రాయదలచుకున్న డాక్టర్ ముందే ఒప్పంద పత్రం మీద సంతకం చేసి అర్హత చూపించుకోవాలి. 2023 జనవరిలో ఫార్మసీలకు కూడా ఆ మందు ఇచ్చే వీలు కల్పించినప్పుడు ఎఫ్‌డీఏ పెట్టిన షరతుల్లో ఒకటి, రాసిన డాక్టర్ వివరాలు గోప్యంగా ఉంచాలని. అంటే ఈ గోప్యత నిన్న మొన్న ఎవరో రాజకీయ నాయకుడికి తట్టిన ఉపాయం కాదు.

అంతెందుకు, మన మెడికల్ షాపులో ఏ మందు కొన్నా స్ట్రిప్ మీద డాక్టర్ పేరు ఉంటుందా? చీటీ మీద ఉంటుంది, షాపువాడు రాసుకుంటే బిల్లు మీద ఉంటుంది. అట్ట మీద లేదు కాబట్టి ఆ మందు ఎవరూ రాయలేదని మనం ఎప్పుడైనా అనుకున్నామా?

ప్రాణం మీదికొస్తే అన్న భయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోను. ఈ వాడకంలో ముందు 200 మిల్లీగ్రాముల మిఫెప్రిస్టోన్, తర్వాత 24 నుంచి 48 గంటల్లోపు 800 మైక్రోగ్రాముల మిసోప్రోస్టాల్. గర్భం 10 వారాల వరకే. రక్తస్రావం ఆగకపోతే, జ్వరం దిగకపోతే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. అక్కడ ఎమర్జెన్సీ డాక్టర్ అడిగేది ఏ మాత్ర, ఎంత, ఎప్పుడు వేసుకున్నారు, ఎన్నో వారం అని. చేసే వైద్యం దానంతటదే గర్భం పోయినప్పుడు చేసేదే. రాసిన డాక్టర్ పేరు తెలిసినంత మాత్రాన రక్తం ఆగదు. న్యూయార్క్ పద్ధతిలోనైతే క్లినిక్ పేరు లేబుల్ మీదే ఉంటుంది కాబట్టి ఫోన్ చేయడానికీ ఇబ్బంది లేదు.

కాలిఫోర్నియా ఇంకో నాలుగడుగులు ముందుకెళ్లింది. 2025 సెప్టెంబర్‌లో అక్కడి గవర్నర్ గావిన్ న్యూసమ్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం డాక్టర్ పేరే కాదు, పేషెంట్ పేరు, ఫార్మసీ పేరు కూడా లేబుల్ మీద లేకుండా ఇవ్వొచ్చు. వివరాలు ఫార్మసీ దగ్గర ఉంటాయి, నిజమే. అయినా ఫోన్ చేయడానికి ఒక్క పేరైనా లేని డబ్బా అంటే నాకు కాస్త టెన్షనే. దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టంలో ప్రిస్క్రిప్షన్ లేబుల్ మీద ఉండాల్సిన వాటిలో రాసినవారి పేరు కూడా ఉంది. ఫార్వర్డ్ రాసినవాళ్లకు ఈ పాయింట్ తట్టలేదు గానీ, కోర్టులో గట్టిగా నిలబడగలిగిన వాదన అదొక్కటే.

ఇక "పేరెందుకు దాచుకుంటాడు" అన్న ప్రశ్న. 2022 జూన్ 24న సుప్రీంకోర్టు అబార్షన్ హక్కును తీసేశాక, ఒక రాష్ట్రంలో చట్టబద్ధమైన వైద్యం పక్క రాష్ట్రంలో నేరమైంది. 2025 జనవరి 31న లూసియానాలో ఒక గ్రాండ్ జ్యూరీ (కేసు నడపాలో వద్దో తేల్చే పౌరుల బృందం) ఈ మాత్రలు రాసిందని న్యూయార్క్ డాక్టరమ్మ మీద క్రిమినల్ అభియోగం మోపింది. లేబుల్ మీద పేరు చూసే పోలీసులు ఆమెను గుర్తించారు. సరిగ్గా మూడు రోజులకు న్యూయార్క్ చట్టం వచ్చింది. (ఆమె పేరు పత్రికలన్నీ వేశాయి. ఈ విషయం మీద రాస్తూ నేనూ వేయడం బాగుండదు.) టెక్సస్ అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్ అంతకుముందే ఆమె మీద సివిల్ దావా వేశారు. మన తెలుగువాళ్లు వేలల్లో ఉండే ప్లేనో, ఫ్రిస్కో వైపు కోలిన్ కౌంటీ జడ్జి లక్ష డాలర్ల జరిమానా వేశారు. ఆమెను లూసియానాకు అప్పగించనని హోకుల్, ఆ టెక్సస్ తీర్పును నమోదు చేయనని న్యూయార్క్‌లోని అల్‌స్టర్ కౌంటీ క్లర్కు తేల్చి చెప్పారు.

కోర్టు కేసులైతే ఒక ఎత్తు. 1998 అక్టోబర్‌లో బఫలో దగ్గర అబార్షన్లు చేసే డాక్టర్ బార్నెట్ స్లెపియన్‌ని సొంత ఇంటి వంటగదిలో ఉండగా కిటికీలోంచి కాల్చి చంపారు. 2009 మే 31న కాన్సస్ రాష్ట్రం విచిటాలో అలాంటి డాక్టరే జార్జ్ టిల్లర్‌ని చర్చిలో చంపారు. వాళ్లిద్దరూ తప్పు చేసి దాక్కున్నవాళ్లు కాదు, చట్టం ఒప్పుకున్న వైద్యమే చేశారు. పేరు దాచుకోవడమే తప్పుకు రుజువు అనేవాళ్లు ఈ రెండు తేదీలు చూసి మాట్లాడాలి.

బలవంతంగా మింగించడం గురించి ఫార్వర్డ్ వాడుకున్నది ఆ లూసియానా కేసునే. అక్కడ కూతురికి మాత్రలు ఇచ్చిందని తల్లి మీద కూడా అభియోగం పెట్టారు. ఆరోపణ నిజమైతే అది దుర్మార్గమే, రెండో మాట లేదు. కానీ మింగించిన మనిషి పేరు ఏ లేబుల్ మీదా ఉండదు. లేబుల్ చెప్పేది రాసినవారి గురించే. మందును పిల్లకు ఇచ్చిందెవరో తేలడానికి కావాల్సింది పిల్ల మాట, ఫోన్ మెసేజీలు, డబ్బు కట్టిన కార్డు. వీటిలో దేన్నీ ఈ చట్టాలు చెరపలేదు.

ఆ ఫార్వర్డ్ పుట్టిన టెక్సస్‌లోనే 2025 డిసెంబర్ 4 నుంచి ఇంకో చట్టం అమల్లో ఉంది. రాష్ట్రంలోకి ఈ మాత్రలు పంపిన డాక్టర్ మీద, తయారుచేసిన కంపెనీ మీద ఏ మామూలు మనిషైనా కనీసం లక్ష డాలర్లకు దావా వేయొచ్చు. ఆ ఆడమనిషికి బంధువే కానక్కర్లేదు, బయటివాడు గెలిచినా అందులో పదో వంతు అతనిదే. చెత్తబుట్టలో పడేసిన ఖాళీ డబ్బా మీద పేరుంటే, దావా ఎవరి మీద వేయాలో వెతుక్కునే పని కూడా ఉండదు.