మహారాజశ్రీ సున్నా పాయింట్ తొంభై ఐదు దొరవారికి

మహారాజశ్రీ కానన్ 50 మి.మీ. ఎఫ్/0.95 కెమెరా లెన్సు దొరవారి సముఖానికి, తమరిని మెడలో వేసుకుని తిరిగే నౌకరు నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ.

ఇక్కడ నేను క్షేమం. మెడ నొప్పి తప్ప ఇబ్బందేమీ లేదు. తమరూ క్షేమమనే తలుస్తాను. లోపలి గాజు మీద ఓ మూల సన్నటి మసక ఉందని టార్చి వేసి చూసినవాళ్ళు అంటున్నారు గానీ, అరవై దాటాక ఆ మాత్రం శుక్లం ఎవరికైనా వస్తుంది. ఇంకో లెన్సుకి వస్తే దాన్ని పాడైపోయిందంటాం. తమరికి వచ్చింది కాబట్టి క్యారెక్టర్ అంటాం. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

తమరు 1961లో జపాన్‌లో, కానన్ 7 అనే రేంజ్‌ఫైండర్ కెమెరా కోసం పుట్టారు. అప్పటి చీకటే వేరు. ఆ ఏడాది కొత్తగా వచ్చిన కోడాక్రోమ్ 2 కలర్ ఫిల్మ్ స్పీడు, అంటే వెలుగుని పట్టే చురుకు, 25. నలుపు తెలుపులో 400 స్పీడున్న ట్రై-ఎక్స్ చేతిలో ఉంటే పత్రికల ఫొటోగ్రాఫర్ పొద్దుపోయాక కూడా ధైర్యంగా బయల్దేరేవాడు. వెలుగుకి అంత కరువు గనకే లెన్సులు చేసేవాళ్ళ మధ్య పోటాపోటీ నడిచింది. ఎఫ్ పక్కన అంకె ఎంత తగ్గితే లెన్సు అంత వెడల్పుగా తెరుచుకుంటుంది, అంత వెలుగు పడుతుంది. 1953లో జునో వాళ్ళు ఎఫ్/1.1 అన్నారు, 1956లో నికాన్ కూడా అదే అంకెతో దిగింది. తమరొచ్చి ఏకంగా ఒకటి కిందికి దిగి అందరి నోళ్ళూ మూయించారు. మనిషి కంటికన్నా నాలుగింతల వెలుగు పడతారని అప్పట్లో ప్రకటనలు కూడా వేశారు. జర్మనీలోని తమరి దాయాదులు, లైకా వారు, 1966లో ఎఫ్/1.2తోనూ 1976లో ఎఫ్/1తోనూ వచ్చి, తమరి అంకెను అందుకునేసరికి 2008 అయింది. 47 ఏళ్ళు పట్టింది! ఇంతవరకు తమరిని వేలెత్తి చూపే సాహసం నేను చెయ్యను.

చిక్కల్లా ఏమిటంటే, తమరు ఎవరి మీద యుద్ధానికి బయల్దేరారో ఆ శత్రువు పోయి చాలా కాలమైంది. ఇప్పుడు తమరిని తగిలించింది డిజిటల్ కెమెరాకి. ఫిల్మ్ స్పీడుకి ఇప్పటి పేరు ఐఎస్ఓ. ఈ కాలపు సెన్సర్‌కి ఐఎస్ఓ 6400 అంటే మంచినీళ్ళ ప్రాయం. తమరికీ, సంచి అడుగున పడున్న ఎఫ్/1.4 లెన్సుకీ వెలుగులో తేడా ఎంతని? ఒక స్టాపు, అంటే వెలుగు రెట్టింపు, పైన కొంచెం చిల్లర. ఆ ఒక్క స్టాపు కోసం ఒక తరం ఇంజినీర్లు తలలు బద్దలు కొట్టుకున్నారు. ఇప్పుడు ఐఎస్ఓ 1600ని 3200 చేస్తే బొటనవేలు కదిపినంతలో అది చేతికొస్తుంది. పైగా సెన్సర్‌కి వెలుగు నిటారుగా పడితేనే ఇష్టం. తమరి అంత పెద్ద గాజు అంచుల నుంచి ఏటవాలుగా వచ్చే కిరణాల్లో కొన్ని పిక్సెల్ అడుగుదాకా చేరనే చేరవు. అంటే, ఆ ఒక్క స్టాపులోనూ దారిలో కమిషన్ కొట్టేసేవాళ్ళున్నారన్న మాట.

అయినా తమరిని ఎఫ్/0.95 దగ్గర తప్ప ఇంకెక్కడా వాడకూడదు. ఎవరూ రాయని చట్టమిది, అందరూ పాటిస్తారు. ఎఫ్/4 దాకా మూస్తే తమరు బుద్ధిమంతుడైన మామూలు లెన్సులా ప్రవర్తిస్తారు. ఆ మాత్రం దానికి తమరెందుకు? అందుకే మిట్టమధ్యాహ్నం కూడా తమరు పూర్తిగా తెరుచుకునే ఉంటారు. లెక్క చూడండి దొరా. మంచి ఎండలో ఎఫ్/16 పెడితే షటర్ వేగం ఐఎస్ఓ అంకెతో సరిపోవాలన్నది పాత సూత్రం. లైకా ఎం9 అనే డిజిటల్ కెమెరా అసలు ఐఎస్ఓ 160 కాబట్టి, ఎఫ్/16 దగ్గర సెకనులో 160వ వంతు. అక్కడి నుంచి తమరి దాకా ఎనిమిది స్టాపులు. షటర్ దాదాపు సెకనులో 40,000వ వంతులో పని ముగించాలి. దాని శక్తి 4,000వ వంతు దగ్గరే అయిపోతుంది పాపం. దాంతో ఆకాశం, గోడ, ఎదుటివాడి బుగ్గ అన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబోతాయి.

దీనికి మందు ఎన్.డి. ఫిల్టర్ అట. 72 మి.మీ. నల్ల గాజు ఒకటి కొని తమరి ముఖానికి బిగించాలి. ప్రపంచంలో వెలుగంతా పట్టేస్తానని ఇంత గాజు పెట్టుకుని పుట్టినవారికి, వెలుగు ఎక్కువైందని గంతలు! రాత్రి కాపలాకి కుదుర్చుకున్నవాణ్ణి పగటి డ్యూటీకి పిలిచి, కళ్ళకి ఎండ పడటం లేదంటే నల్లకళ్ళద్దాలు కొనిచ్చి, పైగా జీతం పెంచినట్టుంది మా వ్యవహారం. పోనీ పొద్దు గూకగానే గంతలు విప్పుదామంటే ఫిల్టర్ బిగుసుకుపోయి ఉంటుంది. బలమంతా పెట్టి తిప్పితే ఫోకస్ రింగు తిరుగుతుంది, ఫిల్టర్ మాత్రం కదలదు.

ఇక ఫోకస్. దీని ముందు మిగతా కష్టాలన్నీ దిగదుడుపే. మీటరు దూరంలో తమరు దయచేసే డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంటే స్పష్టంగా కనబడే లోతు, మొత్తం కలిపి రెండు సెంటీమీటర్లు, అదీ ఫిల్మ్ రోజుల ఉదారమైన కొలతల ప్రకారం. మనిషి ముఖంలో అంతలో ఏం పడుతుంది? ఒక కన్ను, దాని మీది కనుబొమ్మ. ముఖం కాస్త పక్కకు తిరిగితే రెండో కన్ను లెక్కలోంచి పోయినట్టే. తమరిని మీటరు కన్నా దగ్గరికి తీసుకెళ్ళే వీలు లేకపోవడం ఒక్కటే దేవుడి దయ.

తమరి గుండా చూసి సరిచేసుకోగలిగితే కొంత నయం. కానీ రేంజ్‌ఫైండర్ తమరి గుండా చూడదు, పక్క కిటికీలోంచి చూస్తుంది. నడిమధ్యన చిన్న లేత చతురస్రం, అందులో రెండు బొమ్మలు. ఫోకస్ రింగు తిప్పుతుంటే తమరి వెనక భాగం కెమెరా లోపలున్న బుల్లి చక్రాన్ని నెడుతుంది, రెండు బొమ్మలూ జరుగుతూ వచ్చి ఒకటవుతాయి. కన్ను మీద కన్ను కూర్చుంది, నొక్కెయ్. అంతవరకు అద్భుతమే. కానీ మనిషిని నడిమధ్యన పెడితే పాస్‌పోర్టు ఫొటో అంటారు గదా. అందుకని కంటి మీద ఫోకస్ పట్టాక కెమెరాని ఓ పది డిగ్రీలు పక్కకు తిప్పుతాం. ఎఫ్/4లో ఎవరూ పట్టించుకోని పని ఇది. తమరి దగ్గర మాత్రం బళ్ళో ఎగ్గొట్టిన జ్యామితి అంతా వచ్చి ఎదురుగా నిలబడుతుంది. ఫోకస్ తలం కంటిని దాటి ఒకటిన్నర సెంటీమీటరు వెనక్కి పోతుంది. తమరి రెండు సెంటీమీటర్లలో ముందువైపు వాటా ఒకటే సెంటీమీటరు. ఇంకేముంది, కన్ను మంచులో మునుగుతుంది, కణత దగ్గరి వెంట్రుకలు మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. "ఆ కళ్ళు చూడండి, ఏదో కలలో ఉన్నట్టున్నాయి" అని మెచ్చుకుంటారు చూసినవాళ్ళు. కావాలనే అలా తీశానని తల ఊపడం తప్ప గతి లేదు.

ఫ్రేములో కుడివైపు కింది మూల ఏముందో నాకు ఎన్నడూ తెలీదు. అక్కడ తమరి పొట్ట అడ్డం.

1961లో ఇవన్నీ ఎవరికి పట్టాయి? ఫిల్మే పూర్తి చదునుగా ఉండేది కాదు, ప్రింటు చూస్తే అరచేతిలో పట్టేది. ఇప్పుడు ఫొటో తీసిన మరుక్షణం స్క్రీన్ మీద నూటికి నూరు శాతం పెద్దది చేసి కనురెప్పల్ని వెతుకుతాం. ఎదురుగా కూర్చున్న మనిషి నవ్వుని అలాగే పట్టుకుని ఎదురుచూస్తుంటారు. "ఇంకొక్కటి" అంటాం. ఆ ఇంకొక్కదాంట్లో ఫోకస్ కుదురుతుంది, నవ్వు పోతుంది. తమరి దర్బారులో రెండూ ఒకే ఫ్రేములో దొరకడం నేనింకా చూడలేదు.

ఫోకస్ తప్పితే నేరం ఎవరిదో తేలాలి గదా. అక్కడ తమరి పుట్టుక గుర్తొస్తుంది. కానన్ 7 కుటుంబానికి తప్ప ఇంకెవరికీ పట్టని బయొనెట్ బిగింపుతో పుట్టారు తమరు. లైకా ఇంటికి రావాలంటే ఆ వెనక భాగం తీసి కొత్త మౌంట్ చెక్కించాలి. ఆ బుల్లి చక్రాన్ని నెట్టే భాగం వెంట్రుకవాసి తేడా లేకుండా కుదరాలి. కానన్ వారికే ఆ చోటు చాలక తమరి వెనక గాజు అంచుని కొంత చెక్కేయాల్సి వచ్చింది, ఇక మామూలు మెకానిక్ ఎంత? టీవీ కెమెరాల కోసం చేసిన తమరి కవల సోదరుడికైతే రేంజ్‌ఫైండర్‌తో సంబంధమే లేదు, అదృష్టవంతుడు. లెన్సు చూసినాయన లెన్సు దివ్యంగా ఉందంటాడు, కెమెరా చూసినాయన కెమెరాకి వంక పెట్టడానికి లేదంటాడు. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. రెంటినీ కలిపాకే గొడవ.

2012లో లైకా వారు టైప్ 240 అనే కెమెరా ప్రకటించి రేంజ్‌ఫైండర్ కెమెరాకి లైవ్ వ్యూ ఇచ్చారు. ఎట్టకేలకు తమరి గుండా చూసే భాగ్యం కలిగింది. బొమ్మని పెద్దది చేసి, ఊపిరి బిగబట్టి, కనుపాప మీద ఫోకస్ పట్టొచ్చు. బాగానే ఉంది, మరి రేంజ్‌ఫైండర్ కొన్నది దేనికంట? చిన్న కెమెరా, చటుక్కున తీయొచ్చు, ఎవరి కంటా పడదు అని. ఇప్పుడు 585 గ్రాముల ఎం9కి 605 గ్రాముల తమరు వేలాడుతున్నారు. లైవ్ వ్యూ ఉన్న కెమెరా అయితే దాని నెత్తిన ఇంకో వ్యూఫైండర్ కూడా ఎక్కించాలి. నేను బొమ్మని పెద్దది చేసేలోపు ఫొటో తీయాలనుకున్న మనిషి వీధి మలుపు తిరిగిపోయి ఉంటాడు.

క్యారెక్టర్ సంగతికి వస్తానన్నాను. ఎండకి ఎదురున్న ఆకుల అంచులకి ఊదారంగు, ఫ్రేము మూలల్లో చీకటి, తెల్లచొక్కా చుట్టూ పొగ. కెమెరాతో పాటు వచ్చే ఏ కిట్ లెన్సో ఇలా తీస్తే తిప్పి పంపేస్తాం. తమరు తీస్తే కవిత్వం. ఇంకో చిత్రం చెప్పనా? ఎక్కడికి తీసుకెళ్ళినా తమరి ఫొటో ఒకటే. రైలెక్కి, విమానమెక్కి, వీసా తెచ్చుకుని ఖండాలు దాటి వెళ్ళినవాడు తెచ్చుకునేది ఒక ముక్కు, దాని వెనక గుండ్రటి దీపాల మబ్బు. ఆ మబ్బు ఏ దేశంలోదో తీసినవాడికే గుర్తుండదు. అంత ఖర్చు పెట్టి చూడబోయిన ఊరుని అంతకన్నా ఖర్చు పెట్టి చెరిపేసుకోవడం నాకు మింగుడుపడని విషయం.

నిష్ఠూరాలే ఆడాను గానీ ఒకటి ఒప్పుకోకపోతే అన్యాయం. వాన వెలిసిన రాత్రి, ఒక్క దీపం కింద, మూడు మీటర్ల అవతల మనిషి నిలబడ్డప్పుడు తమరి పనితనం తెలుస్తుంది. అంత దూరంలో తమరి పిసినారితనం కాస్త సడలి ఓ జానెడు లోతు దొరుకుతుంది, ముఖమంతా నిలుస్తుంది. చెంప మీది వెలుగు నీడలోకి ఎక్కడ కలిసిందో గీత కనబడదు. కంప్యూటర్‌లో స్లైడర్లు జరిపి అది తెద్దామని చూశాను, అట్టబొమ్మని కత్తిరించి అతికించినట్టే వచ్చింది.

కనుక తమరికి నా మనవి చిన్నదే. వారానికో పూట ఎఫ్/4 దాకా మూసుకోడానికి ఒప్పుకోండి. మనిషి వెనక ఊరు ఉందో లేదో ఒకసారి చూసుకుంటాను. ఎండలో తమరిని సంచిలోనే ఉంచితే పరువు తక్కువ అనుకోవద్దు. లోపలి మసక పెరిగేట్టుంటే కాస్త ముందుగా కబురు చెయ్యండి. అమ్మేద్దామని కాదు. అంటే, ఆ మాట అస్సలు అనుకోలేదని కూడా కాదు.

ఇట్లు,
తమరి విధేయుడు,
605 గ్రాముల బరువు మోసేవాడు.

తా.క.: ఈ లేఖకి తమరి ఫొటో ఒకటి జతచేస్తున్నాను. ఆ ఎఫ్/1.4 లెన్సుని ఎఫ్/8 దాకా మూసి తీశాను. మొదటిసారికే కుదిరింది. తమరి రింగు మీది అంకెలన్నీ చదువుకోవచ్చు, వెనక బీరువాకి తాళం వేశానో లేదో కూడా తెలుస్తోంది. వెయ్యలేదు.