మూత విప్పిన పాపము

విజయవాడ నగరంలో ఘోర నేరాల పట్టికను ఎవరైనా తిరగరాస్తే, గొలుసు దొంగతనం తరువాతి వరుసలో ల్యాప్‌టాప్ మూత విప్పడం కూడా చేరుతుందని నాకు గట్టి నమ్మకం. ఈ నమ్మకం నాకు ఒక ల్యాప్‌టాప్ కంపెనీ సర్వీస్ సెంటరులో కలిగింది. "తెర ఒక్కటే అమ్మండి బాబూ, ఇంటి దగ్గర మేమే వేసుకుంటాం" అని నేను వినయంగా అడిగినప్పుడు, కౌంటరు వెనక ఉన్న యువకుడు నన్ను చూసిన చూపు ఇంకా మరపునకు రాలేదు. కొండ మీద గర్భగుడి ముందు నిలబడి "హారతి పళ్ళెం ఇటివ్వండి, నేనే ఇచ్చుకుంటాను" అన్న భక్తుడిని పూజారి అలాగే చూస్తాడు.

జరిగిన ప్రమాదం చాలా చిన్నది. మా మేనకోడలు రాత్రి చదువు ముగించి, కీబోర్డు మీద బాల్‌పెన్ను ఉన్న సంగతి గమనించక ల్యాప్‌టాప్ మూసింది. తెల్లవారి తెరిచేసరికి తెర మధ్యలో సాలెగూడులాంటి పగుళ్ళు, వాటి చుట్టూ సిరాబుడ్డి ఒలికినట్లు నల్లని మరక, అక్కడి నుంచి కిందికి పెళ్ళి పందిరి తోరణాలలాగా రంగురంగుల గీతలు ఉన్నాయి. హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి తగిలిస్తే బొమ్మ శుభ్రంగా వచ్చింది. కనుక లోపలి యంత్రానికి ఏ జబ్బూ లేదని, పోయింది తెర ఒక్కటేనని మా ఇంట్లో ఏడో తరగతి చదివే పిల్లవాడు సైతం తేల్చి చెప్పాడు.

సర్వీస్ సెంటరు వారు మాత్రం అంత తొందరపడి తీర్పు ఇవ్వలేదు. టోకెన్ ఇచ్చి, గంటన్నర కూర్చోబెట్టి, "కస్టమర్ ఇండ్యూస్డ్ డ్యామేజ్ సర్, వారంటీలో రాదు, డిస్‌ప్లే అసెంబ్లీ మార్చాలి" అని ప్రకటించారు. అసెంబ్లీ అంటే వెలగపూడిలో ఉంటుందని అనుకునే అమాయకుడిని కాబట్టి వివరం అడిగాను. తెర, తెర వెనక మూత, ముందు చట్రం, రెండు కీళ్ళు, కెమెరా, వైఫై తీగలు, వీటన్నిటి సముదాయమే అసెంబ్లీ అట. అందులో ఒక్క సభ్యుడు దెబ్బ తింటే సభ మొత్తాన్ని రద్దు చేయాలట. ఖర్చు 19,400 రూపాయలు. పాత అసెంబ్లీని వారే ఉంచుకుంటారు. 46,000 పెట్టి వాయిదాల మీద కొన్న వస్తువుకు ఇంకా 5 వాయిదాలు మిగిలి ఉన్నాయని మా చెల్లెలు గొణిగితే, ఆ యువకుడు ఎంతో దయతో, "ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వచ్చేస్తుంది కదా మేడమ్" అని ఓదార్చాడు.

ఈ మాట ఏ ఊరిలో అన్నాడో అతనికి తెలిసినట్లు లేదు. అక్కడికి ఆటోలో వెళ్ళగలిగినంత దూరంలో ఆటోనగర్ ఉంది. లారీ ఇంజనును నేల మీద పరిచి, బోరు చేసి, కమాన్ కట్టలు మార్చి, ఉత్త చాసిస్ మీద చెక్కతోను ఇనుముతోను బాడీ కట్టి, పూలూ చిలకలూ వేసి రోడ్డెక్కించే ఊరు ఇది. హెడ్‌లైటు అద్దం పగిలిందని వచ్చిన లారీ యజమానికి కొత్త లారీ కొనమని సలహా చెప్పిన మేస్త్రి అక్కడ మధ్యాహ్నం భోజనం వేళ దాకా నిలవడు.

కాబట్టి నేరం చేయడానికే నిశ్చయించుకున్నాం. మొదటి చిక్కు అక్కడే వచ్చింది. గవర్నరుపేటలో ఒక చిన్న దుకాణదారును ల్యాప్‌టాప్ మోడల్ పేరు చెప్పి తెర అడిగితే, పేరుతో పని లేదని, ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల తెరలు వేస్తారని, తెర వెనక అతికించిన కాగితం మీది నెంబరు కావాలని, తెర తీగ తగిలే చోట 30 పిన్నులో 40 పిన్నులో కూడా చూసి రమ్మని చెప్పాడు. అంటే ఏది కొనాలో తెలియడానికే ముందు మూత విప్పే పాపం చేయాలి.

ఆదివారం ఉదయం భోజనాల బల్ల మీద దుప్పటి పరిచాం. విప్పిన యంత్రం లోపలికి దుమ్ము పోరాదని ఫ్యాను ఆపాం. మే నెలలో బెజవాడలో ఫ్యాను ఆపడం కంటే కఠినమైన తపస్సు పురాణాలలో ఉంటే ఎవరైనా చూపించవచ్చు. కింది వాటాలో ఉండే, ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు చేసి విశ్రాంతి తీసుకుంటున్న మేస్త్రిగారిని శాస్త్ర సలహాదారుగా ఆహ్వానించాం. ఆయన మొలలో దోపుకొని వచ్చిన స్క్రూడ్రైవరు మా ల్యాప్‌టాప్ కంటే కొంచెం పొడవుగా ఉంది. "మరలు ఏవండీ?" అని కళ్ళద్దాలు సర్దుకున్నారు. కిందివైపు పది కనిపించాయి. పదకొండోది, పన్నెండోది రబ్బరు కాళ్ళ కింద దాక్కున్నాయి. మర కనపడకుండా దాచవలసిన అవసరం తన సర్వీసులో ఎప్పుడూ రాలేదని ఆయన ఆశ్చర్యపోయారు.

ఏ మర ఎక్కడిదో మరిచిపోకుండా ఉండడానికి మా అమ్మ పోపుల పెట్టెను స్వాధీనం చేసుకున్నాను. ఏడు గిన్నెల్లో నాలుగింటిని ఖాళీ చేయించి, పొడుగు మరలు ఒకదానిలో, పొట్టివి మరొకదానిలో, కీళ్ళవి ఇంకొకదానిలో పోశాం. అమ్మకు చారు పోపు పెట్టే వేళయింది. "ఆ ఆవాల గిన్నె ఇటియ్యరా" అంది. ఇచ్చాను. రెండు నిమిషాల తరువాత లెక్క చూస్తే పొట్టి మరలలో ఒకటి తక్కువ వచ్చింది. ఆవగింజకూ ఆ మరకూ పరిమాణంలో పెద్ద తేడా లేదు. ఆ పూట మా ఇంటిల్లిపాదీ చారును వడకట్టుకొని తాగాం. మేస్త్రిగారు మాత్రం మర్యాదకు వద్దన్నారు.

బ్యాటరీ తీగ ముందుగా పీకాలి. అది ఉండగా తెర తీగ లాగితే బోర్డు మీది ఫ్యూజు పోవచ్చు, అప్పుడు నిజంగానే కొత్తది కొనవలసి రావచ్చు. తరువాత ముందు చట్రాన్ని గడువు తీరిన ఏటీఎం కార్డు అంచుతో నెమ్మదిగా లేపాం. ప్రతి కొక్కెమూ 'టప్' మని ఊడినప్పుడల్లా మా చెల్లెలు కళ్ళు మూసుకుంది. తెరకు ఇరువైపులా మరలు ఉంటాయనుకుంటే లేవు. సాగే జిగురు పట్టీలతో అతికించి ఉంది. పట్టీని అడ్డంగా, నిదానంగా లాగితే బంకసాగినట్లు బారెడు వచ్చింది. రెండోది సగంలో తెగింది. "ఇది విప్పడానికి చేసిన సామాను కాదండీ" అన్నారు మేస్త్రిగారు. ఆయన గొంతులో హాస్యం లేదు.

అక్కడ నాకూ హాస్యం పోయింది. నాలుగు మరలు పెట్టవలసిన చోట జిగురు పూసినవాడికి అది తెగుతుందని తెలియదా? తెలుసు. ల్యాప్‌టాప్ సన్నగా ఉండాలట, అందుకని జిగురట! వెంట్రుకవాసి సన్నదనం ఎవరడిగారు? కిరాణా కొట్టులో రాత్రి పది దాకా నిలబడి మా బావ కట్టిన వాయిదాలవి. ఆ పిల్ల ప్రాజెక్టు పని, నోట్సు, ఉద్యోగాల దరఖాస్తులు అన్నీ అందులోనే ఉన్నాయి. నెంబరు రాసుకొని వెళితే అదే కొలత, అదే నాణ్యత ఉన్న తెర 4,300 రూపాయలకు గవర్నరుపేటలో నాకు దొరికింది. కొత్త తెరను కొనగలిగేవాడికి ఈ దేశంలో అడ్డు లేదు. తెరను పెట్టుకోవడానికి అవసరమైన, విప్పే తీరు చూపే బొమ్మల పుస్తకాన్ని మాత్రం కంపెనీవారు మాకివ్వరు, విడి భాగం అమ్మరు, పైగా చెడగొట్టింది మీరేనని ఇంగ్లీషులో ముద్ర వేస్తారు. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టల్ తెరిచింది. కంపెనీలు తమ మరమ్మతు వివరాలు అక్కడ పెట్టాలన్నది ఉద్దేశం. పోర్టల్ చట్టం కాదు కదా! సిగ్గుంటే పెడతారు, లేకపోతే అద్దాల గదిలో ఏసీ వేసి, టోకెన్ ఇచ్చి, మా చెల్లెలి లాంటి వాళ్ళను కొత్తది కొనమని ఓదారుస్తారు.

సరే. కొత్త తెర తీగను గాడిలో నొక్కి, గొళ్ళెం వేసి, చట్రం బిగించకముందే ఒకసారి వెలిగించి చూశాం. వెలిగింది. తెగిన పట్టీ స్థానంలో రెండువైపులా అంటుకునే టేపు వేశాం. మేనకోడలు తన ఫైళ్ళు తెరుచుకొని, మమ్మల్ని అందరినీ మరిచిపోయింది. ఫ్యాను వేశాం.

అన్నీ బిగించాక కూడా ఒక పొట్టి మర మెంతుల గిన్నెలో మిగిలింది. అది చారులో పోయిందనుకున్న మరా, లేక వేరేదా అన్నది తేలలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది. ల్యాప్‌టాప్ దాని సంగతి అడగలేదు, మేమూ చెప్పలేదు.