ఒంట్లో బాగుంటే డోసు మానేయొచ్చట! ఆ ఫార్వర్డుకు నా జవాబు

ఈ నెలలో ఆ మెసేజీ నాకు ఐదోసారి వచ్చింది. మొదట మా పెద్దమ్మ కొడుకు పంపాడు, తర్వాత ఇంటర్ గ్రూపులో, నిన్న అపార్ట్‌మెంటు గ్రూపులో. "పేగు వాపు జబ్బుకు బయోలాజిక్ ఇంజెక్షన్లు వాడేవారు తప్పక చదవండి" అని మొదలవుతుంది. బయోలాజిక్ అంటే జీవకణాల్లో తయారుచేసే ప్రోటీన్ మందు. రక్తంలో మందు లెవెల్ చూసే టెస్టు ఉత్త లాబుల వ్యాపారమట. లెవెల్ ఎక్కువుంటే మందు విషమట, తక్కువుంటే ఇక పనిచేయదట. బయోసిమిలర్ (అసలు బయోలాజిక్‌కు దాదాపు నకలుగా వేరే కంపెనీ చేసే మందు) వాడేవాళ్లకు ఆ టెస్టే పనికిరాదట. చివరిది: ఒంట్లో బాగున్నప్పుడు డోసులు ఆపేసి, మళ్లీ విరేచనాలు మొదలైనప్పుడు వేయించుకుంటే డబ్బు మిగులుతుంది, ఒంటికీ విశ్రాంతి.

నాలుగుసార్లు చూసి ఊరుకున్నాను. నిన్న దాని కింద ఒకామె అడిగింది: "మా పాపకు క్రోన్స్. ఆదివారం అడాలిముమాబ్ వేయించాలి. ఇప్పుడు బాగానే తింటోంది. మానేద్దామా అండీ?" క్రోన్స్ అంటే ఆ పేగు వాపు జబ్బుల్లో ఒకటి, అడాలిముమాబ్ దానికిచ్చే బయోలాజిక్ ఇంజెక్షన్. ఇక ఊరుకోలేకపోయాను. నేను డాక్టర్ని కాను. నాకు క్రోన్స్ బయటపడి పదకొండేళ్లయింది. ఆ మెసేజీ చెప్పిన పని నేను ఒకసారి చేసి చూసినవాణ్ణి.

బయోసిమిలర్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. డ్రిప్‌లో ఎక్కించే బయోలాజిక్ ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను కొలిచే టెస్టు దాని బయోసిమిలర్‌నూ కొలుస్తుంది. ఒకదాని మీద ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు (మందును పరాయిదని పట్టేసే ప్రోటీన్లు) రెండోదాన్నీ పట్టుకుంటాయి. అయిపోయింది.

విషం అన్న మాటా అంతే. ఈ మందులకు "ఇంత దాటితే విషం" అని గీసిన గీత లేదు. లెవెల్ నిండుగా ఉండి కూడా జబ్బు తగ్గలేదంటే దాని అర్థం వేరు. ఈ మందులు అడ్డుకునేది టీఎన్‌ఎఫ్ అనే వాపు పుట్టించే ప్రోటీన్‌ను; ఆ మనిషిలో వాపును నడిపిస్తున్నది అదొక్కటే కాదు, కాబట్టి డాక్టరు వెడోలిజుమాబ్ లాంటి వేరే దారి మందు చూస్తారు.

లెవెల్ తక్కువ వస్తే మందు పని అయిపోయిందా? టెస్టు కనిపెట్టిందే ఆ తేడా తెలుసుకోవడానికి కదా! లెవెల్ తక్కువుండి యాంటీబాడీలు లేకపోతే మందు మంచిదే, చాలడం లేదంతే. వాపు బాగా ఉన్నప్పుడు, రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పడిపోయినప్పుడు ఒళ్లు మందును త్వరగా ఖర్చు చేసేస్తుంది. డోసు పెంచితేనో, ఎనిమిది వారాలకోసారి ఇచ్చేదాన్ని ఆరు వారాలకోసారి ఇస్తేనో చాలామందికి మళ్లీ పట్టుకుంటుంది. యాంటీబాడీలు గట్టిగా ఉంటే మాత్రం మందు మార్చాల్సిందే. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి "ఆపేయండి" అని రాసేశారు.

ఇక ఆ చివరి పాయింటు. మిగతావన్నీ తప్పులు, ఇది ప్రమాదం.

ఇన్‌ఫ్లిక్సిమాబ్ రక్తంలో సుమారు తొమ్మిది రోజులకోసారి సగమవుతుంది. ఎనిమిది వారాలంటే ఆరుసార్లు సగం కావడం. మొదటున్న దానిలో అరవై నాలుగో వంతు మిగులుతుంది. తర్వాతి డోసుకు ముందు రక్తం తీసి చూసేది ఆ అడుగంటిన మందునే. మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాములైనా ఉండాలని అమెరికన్ గ్యాస్ట్రో అసోసియేషన్ 2017లో చెప్పింది, అదీ జబ్బు మళ్లీ తిరగబెట్టినవాళ్ల విషయంలో. ఆ కాస్తా ఖాళీ అయ్యాక మళ్లీ ఒక్కసారిగా మందు ఎక్కిస్తే ఒళ్లు దాన్ని పరాయిదని పట్టేస్తుంది. 2003లో బెల్జియం డాక్టర్లు ఇలా అవసరమైనప్పుడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్న 125 మంది క్రోన్స్ రోగులను చూశారు. నూటికి అరవై ఒక్కరిలో యాంటీబాడీలు. అవి ఎక్కువున్నవాళ్లకు డ్రిప్‌లో రియాక్షన్లు ఎక్కువ, మందు పనిచేసే రోజులు తక్కువ. ఇరవై ఏళ్ల కిందటే తేలిన సంగతిని ఇవాళ చిట్కా అని పంచుతున్నారు!

నాకు ఇన్‌ఫ్లిక్సిమాబ్‌తో రెండో ఏడాదిలో బాగా తగ్గింది. పెరుగన్నం మానేసి పులిహోర తినే స్థితికి వచ్చాను. బాగుంది కదా అని ఐదు నెలలు డోసు ఎగ్గొట్టాను. మళ్లీ కడుపునొప్పి మొదలయ్యాక వెళ్లి పడుకున్నాను. డ్రిప్ పెట్టిన పది నిమిషాలకు చెవులు వేడెక్కాయి. వాచీ కింద చెయ్యి దురద. ఆ తర్వాత గుండెల మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టు. సిస్టర్ పరుగున వచ్చి డ్రిప్ కట్టేసి అవిల్, హైడ్రోకార్టిజోన్ ఇచ్చింది. తర్వాత చేయించిన టెస్టులో మందు లేదు, యాంటీబాడీలు మాత్రం బోలెడు. నా ఒంటికి బాగా పడిన మందు ఆ రోజుతో పోయింది. ఇప్పుడు అడాలిముమాబ్, తోడుగా యాంటీబాడీలు పుట్టకుండా అజాథయోప్రిన్. మన చేతిలో ఉన్న మందులే నాలుగైదు రకాలు. ఒంటికి విశ్రాంతి అని రాసినవాళ్లు చెప్పాలి, విశ్రాంతి మనిషికా, జబ్బుకా?

ఒక్క విషయంలో ఆ మెసేజీకి ఒప్పుకుంటాను. టెస్టు అందరికీ, ప్రతిసారీ అక్కర్లేదు. నార్వేలో 411 మందికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ మొదలుపెట్టే దశలో, సగం మందికి లెవెళ్లు చూస్తూ డోసు సర్దారు, మిగతావాళ్లకు మామూలుగా ఇచ్చారు. 2021లో ఫలితం వచ్చింది: తేడా లేదు. ఆ దశ దాటి మందు కొనసాగిస్తున్నవాళ్లలో మాత్రం చూస్తూ ఇచ్చినవాళ్లకే జబ్బు ఎక్కువగా అదుపులో ఉందని అదే బృందం చూపింది. డబ్బు వృథా కావడమూ నిజమే. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడే రోజుల్లో ఒకసారి నాకు డోసుకు ముందు తీయాల్సిన రక్తం డ్రిప్ అయ్యాక తీశారు. మిషన్ కొలవగలిగిన దానికంటే ఎక్కువని రిపోర్టు వచ్చింది, వేల రూపాయలు పోయాయి. అప్పట్నుంచి డ్రిప్ కోసం క్యాన్యులా పెట్టగానే నేనే రక్తం తీసే ట్యూబు చూపించి అడిగేవాణ్ణి. ఎప్పుడూ ఒకే లాబులో చేయించండి, కిట్టు మారితే అంకె మారుతుంది.

ఆ పాప వాళ్లమ్మగారికి: మీ పాపలాంటి 78 మంది పిల్లల మీదే, క్రోన్స్‌కు అడాలిముమాబ్ బాగా పడినవాళ్ల మీదే, ఇజ్రాయెల్‌లో పరిశోధన జరిగింది, 2019లో వచ్చింది. బాగున్నప్పుడు కూడా లెవెల్ చూసి, తక్కువుంటే డోసుల మధ్య ఎడం తగ్గించారు. వాళ్లలో నూటికి 82 మంది స్టెరాయిడ్లు లేకుండా నిలకడగా ఉన్నారు. జబ్బు తిరగబెట్టాకే లెవెల్ చూసినవాళ్లలో నూటికి 48 మందే. పాప ఇప్పుడు తింటోందంటే లోపల మందు ఉంది కాబట్టి. ఆదివారం వేయించండి అమ్మా. వేయించే ముందు లెవెల్ చూడాలా అని సోమవారం కాదు, ఇవాళే మీ డాక్టరును అడగండి. రక్తం తీయాల్సింది ఇంజెక్షన్‌కు ముందే.