సత్యం మనదేనంటూ అబద్ధాలు ఫార్వర్డ్ చేస్తే ఎలా?

"నీకు అది నిజం, నాకు ఇది నిజం. ఎవరి నమ్మకం వాళ్లది." క్రైస్తవుడు యేసు గురించి ఒక మాట ఎత్తగానే వచ్చే జవాబు ఇది. గొడవ ఎందుకులే అని చాలామంది మర్యాదకే అంటారు. నాకు మాత్రం "నువ్వు చెప్పేది తప్పు" అనేవాడే నయం అనిపిస్తుంది. తప్పన్నవాడు కనీసం నేను చెప్పింది విన్నాడు.

క్రైస్తవ విశ్వాసం ఈ "ఎవరిది వాళ్లదే" లెక్కలో ఇమడదు. అది మొదట మనశ్శాంతి గురించి కాదు, ఒక జీవన విధానం గురించీ కాదు. ఒకసారి జరిగిన సంగతి గురించి. సంఘాల్లో అందరూ కలిసి చెప్పే విశ్వాస ప్రమాణంలో, యేసును సిలువకు అప్పగించిన పొంతి పిలాతు పేరు ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించారా? దేవుణ్ణి నమ్ముతున్నాం, పాపక్షమాపణను నమ్ముతున్నాం అని చెప్పే వాక్యాల మధ్యలో, క్రీ.శ. 26 నుంచి 36 దాకా యూదయను ఏలిన ఒక రోమా అధిపతి పేరు! అతని పేరు చెక్కిన రాయి 1961లో కైసరయలో దొరికింది కూడా. అంటే "అనగనగా ఒకప్పుడు" అని తప్పించుకునే దారి మన పెద్దలు మనకు ఉంచలేదు. ఫలానా చోట, ఫలానా వాడి హయాంలో అన్నారు. యేసు మృతుల్లోంచి లేచాడా, లేదా? లేస్తే నమ్మనివాడి విషయంలోనూ లేచినట్టే. లేవకపోతే నేను ఎంత కన్నీళ్లతో ప్రార్థించినా లేవనట్టే. అపొస్తలుడు పౌలు దీన్ని దాచుకోలేదు. "క్రీస్తు లేపబడియుండనియెడల మేము చేయు ప్రకటన వ్యర్థమే, మీ విశ్వాసమును వ్యర్థమే" అని కొరింథీయులకు రాశాడు. తన బోధ అబద్ధమని తేల్చాలంటే ఎక్కడ కొట్టాలో తనే చూపించాడు!

ఇక మంచిచెడ్డలు కూడా ఎవరివి వాళ్లవే అనేవాళ్ల సంగతి. మాటల్లో తప్ప బతుకులో అలా ఉండేవాళ్లను నేను చూడలేదు. 1947లో అమెరికా మానవశాస్త్రవేత్తల సంఘమైన అమెరికన్ ఆంత్రొపలాజికల్ అసోసియేషన్ ఐక్యరాజ్యసమితికి ఒక ప్రకటన పంపింది. విలువలు ఏ సంస్కృతికి ఆ సంస్కృతిలోనే పుడతాయి, అందరికీ ఒకటే కొలత పెట్టి మానవ హక్కుల పత్రం రాయడం కుదరదు అని దాని సారాంశం. చిన్న జాతుల మీద పెద్ద దేశాల పద్ధతులు రుద్దకూడదన్న మంచి ఉద్దేశం అందులో ఉంది, కాదనను. కానీ అంతకు ముందు ఏడాదే న్యూరెంబర్గ్‌లో నాజీ నాయకులకు శిక్షలు పడ్డాయి. "మా ప్రభుత్వ ఆజ్ఞ పాటించాం" అన్నది అక్కడ వినిపించిన వాదన. విలువలు నిజంగా ఏ దేశానివి ఆ దేశానివే అయితే, వాళ్లను బోనులో నిలబెట్టే హక్కు ఎవరికుంది? చివరికి 1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల విశ్వజనీన ప్రకటన వచ్చింది. వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు, ఎనిమిది దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. ఆ అసోసియేషన్ కూడా 1999లో మానవ హక్కులను సమర్థిస్తూ కొత్త ప్రకటన చేసింది. అన్యాయం కళ్లముందు కనబడితే "అది వాళ్ల సత్యం" అని ఊరుకోవడం ఎవరి వల్లా కాదు.

"సత్యం మా దగ్గరే ఉందన్నవాళ్లే కదా మనుషుల్ని తగలబెట్టింది?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 1553లో జెనీవాలో త్రిత్వాన్ని, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న బోధను, కాదన్నందుకు మైఖేల్ సెర్వెటస్‌ను సజీవంగా కాల్చారు. అక్కడి ప్రొటెస్టెంట్ నాయకుడు కాల్విన్ మరణశిక్షను సమర్థించాడు. నిప్పు వద్దు, తల తీయండి అని మాత్రం అడిగాడట, అదీ దయే అనుకోవాలి! దీన్ని కప్పిపుచ్చే ఉద్దేశం నాకు లేదు. అయితే అప్పట్లోనే ఆ పనిని ఎదిరించిన సెబాస్టియన్ కాస్టెలియో కూడా క్రైస్తవుడే. మనిషిని చంపడం సిద్ధాంతాన్ని కాపాడటం కాదు, మనిషిని చంపడమే అన్నాడు. గమనించండి, "సెర్వెటస్ సత్యం సెర్వెటస్‌ది" అనలేదు. మీరు చేసింది తప్పు అన్నాడు, అందరికీ వర్తించే తప్పు అన్నాడు. సత్యం తన బలంతోనే మనసును ఒప్పించాలి, బలవంతం కూడదు అని కతోలిక సంఘపు రెండో వాటికన్ మహాసభ 1965లో ప్రకటించింది. చాలా ఆలస్యంగా.

ఇంతవరకు బయటివాళ్లతో. నా అసలు కోపం మనవాళ్ల మీద.

లోకం సత్యాన్ని వదిలేసిందని ప్రసంగాలు దంచుతాం. ఇంటికెళ్లి ఫోన్ తీసి, పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ మరణశయ్య మీద పశ్చాత్తాపపడి బైబిల్ చదివాడన్న కథ ఫార్వర్డ్ చేస్తాం. డార్విన్ పోయింది 1882లో. ఆ కథ అచ్చయింది 1915లో, ఒక అమెరికన్ బాప్టిస్టు పత్రికలో. చివరి రోజుల్లో తండ్రి పక్కనే ఉన్న కూతురు హెన్రియెట్టా అది అబద్ధమని 1922లో రాసింది. వందేళ్లు దాటింది, మనం ఇంకా "ఆమేన్" కొడుతూనే ఉన్నాం. ఇంకొకటి, నాసా కంప్యూటర్లలో ఒక రోజు తక్కువ వచ్చిందని, అది బైబిల్లో యెహోషువ కాలంలో సూర్యుడు నిలిచిన రోజేనని తేలిందని. దేనితో పోల్చి తక్కువైందట? రోజు తప్పిపోయిందని తెలియాలంటే ముందు మొత్తం లెక్క ఎవరి దగ్గరో ఉండాలి కదా. ఆ మాత్రం అడిగితే "నీకు విశ్వాసం తగ్గింది బ్రదర్" అంటారు.

"అబద్ధమైతే ఏం, ఎవరో ఒకరు బలపడతారుగా" అనే సమర్థన ఒకటి. నాకు పనికొస్తే నిజమే అనడం కాదా ఇది? "ఎవరి నిజం వాళ్లది" అనే ఏ సాపేక్షవాదాన్ని తిడుతున్నామో అదే! బైబిల్లో యోబు తన స్నేహితుల్ని అడిగింది ఇదే, దేవుడి పక్షాన అబద్ధాలాడతారా అని. అబద్ధసాక్ష్యం పలకవద్దన్న తొమ్మిదో ఆజ్ఞకు "మంచి ఉద్దేశమైతే పర్వాలేదు" అన్న మినహాయింపు నాకైతే కనబడలేదు.

ఇంతకంటే ఘోరం, సంఘంలో తప్పు జరిగినప్పుడు. డబ్బు లెక్క తేలకపోయినా, ఒక ఆడపిల్ల ఫిర్యాదు చేసినా, ముందు వినిపించే మాట "బయటికి తెలిస్తే సువార్తకు చెడ్డపేరు". ఏ సువార్తకు? దావీదు చేసిన వ్యభిచారాన్నీ, చేయించిన హత్యనూ, యేసును ఎరుగనన్న పేతురు బొంకునూ పేర్లతో సహా రాసిపెట్టిన పుస్తకం మనది. ఆ రాసినవాళ్లకు లేని పరువు చింత మనకెందుకు? దాచినవాళ్లు సత్యం గురించి ప్రసంగిస్తే కుర్రవాళ్లు నవ్వుకుంటున్నారంటే, తప్పు కుర్రవాళ్లది కాదు.

కాబట్టి డార్విన్ కథ మీ గ్రూపులో మళ్లీ కనిపిస్తే, పంపినవాళ్లకు ముందు విడిగా చెప్పండి. మత్తయి 18లో వరుస అదే. వినకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి చెప్పండి. అప్పటికీ వినకపోతే గ్రూపులోనే, అందరి ముందూ, 1915 అని తేదీతో సహా రాయండి. అడ్మిన్ తీసేస్తే తీసేయనివ్వండి.