సోదికెళ్లింది మా అమ్మ. అయితే ఏటి?

మా అమ్మ సోది చెప్పించుకుంది. అవును, సైన్సు మాస్టారి తల్లే. ఊళ్లో కనబడిన ప్రతివాడూ ఈ మాట నా చెవిన వేస్తున్నాడు, ఇక చాలు.

నాన్న పోయిన మూడో నెలలో వీధిలోకి సోదమ్మ వచ్చింది. చేటలో బియ్యం పోయించుకుని, దీపం పెట్టించి, కంచి కామాక్షినీ బెజవాడ కనకదుర్గనీ పిలిచి, కాసేపటికి గొంతు మార్చి, నాన్నే పూనినట్టు "వచ్చీసేనే" అంది. అమ్మ పొలం సంగతి అడగలేదు, పైలోకం సంగతీ అడగలేదు. "ఆ రేతిరి కంచం ముట్టకుండానే ఎల్లిపోనావయ్యా, ఆకలేసిందేటి?" అంది.

"లేదే, కడుపు నిండే ఎల్లేను" అంది సోదమ్మ.

అదెలా చెప్పిందో నాకు తెలుసు. దండేసిన ఫొటో గోడకే ఉంది, పక్కింటావిడ అరగంట ముందే కథంతా విప్పేసింది. పట్టుకెళ్లింది తవ్వెడు బియ్యం, 100 రూపాయలు, నాన్న పాత తువ్వాలు. ఆ రోజు నుంచి అమ్మ రాత్రిపూట అన్నం తింటోంది. నేనూ చెల్లీ ఎంత బతిమాలినా తినని మనిషి.

"సోదికెళ్తే పాత రంకు బయటపడింది" అని సామెత వేసి నవ్వారు మావాళ్లు. (సోది అన్న మాటనే తిట్టు చేసేశాం కదా.) వీళ్లే, నాన్న పోయిన రోజు ఒకాయన నక్షత్రం చూసి ధనిష్ఠా పంచకం, చావుకి కీడు నక్షత్రం అన్నప్పుడు కిక్కురుమనలేదు. ఇల్లు 6 నెలలు మూసేయాలట. శాంతికి 35 వేలట. చేయకపోతే ఇంట్లో ఇంకొకరు పోతారట! దాన్ని శాస్త్రం అన్నారు. తాళం కప్ప కూడా కొనుక్కొచ్చారు.

నాకు నమ్మకం మీద కోపం లేదు. శ్రీకూర్మంలో, గుడి కోనేరు శ్వేత పుష్కరిణిలో నాన్న అస్థికలు కలిపింది నేనే. పితృకార్యాలకి కాశీ ఎంతో అదీ అంతే అంటారు మా శ్రీకాకుళం వైపు. నమ్మి కలిపానా అంటే, ఏమో. తర్వాత గుళ్లో నక్షత్ర తాబేళ్ల దగ్గర అమ్మ ఆగిపోయింది. ఓ తాబేలు ఆకు నములుతూ, మధ్యలో ఆగి, మెడ సాచి చూసి, మళ్లీ నమలడం మొదలెట్టింది. "మీ అయ్య కూడా ఇలాగే నమిలీవోరు" అంది. నాన్న పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు.

ఏడుస్తున్న మనిషికి ఓ మాట వినిపించి తవ్వెడు బియ్యం పట్టుకెళ్లినావిడది మోసం, ఇంకో చావుందని బెదిరించి 35 వేలు అడిగినాయనది శాస్త్రం. ఈ లెక్క ఎవరైనా నాకు బోర్డు మీద వేసి చూపించండి.

ఇంతకీ ఇల్లు మూయలేదు. నా చదువు వల్ల కాదు. తాళం కప్ప చూసి అమ్మే అంది: "మనం మూసీసి ఎల్లిపోతే, ఆయనొస్తే తలుపెవులు తీస్తారు?"

ఆ కప్ప కళ్లం దగ్గర పాకకి పనికొచ్చింది.