రాజముద్ర, బాదంకాయలు

రెండు పాత్రలను పోల్చి రాయమంటే ఏడో తరగతి పిల్లలు మొదట చేసే పని అవయవాలు లెక్కపెట్టడం. "టామ్‌కు రెండు చేతులు. ఎడ్వర్డ్‌కు కూడా రెండు చేతులు." ఒకడు ఇంకాస్త ముందుకెళ్లి పళ్ల దాకా వచ్చాడు. కథలో పళ్ల ప్రస్తావన లేదని గుర్తుచేస్తే, "ఉండే ఉంటాయి కదా టీచర్" అన్నాడు.

పుస్తకం 'రాజు-పేద'. మార్క్ ట్వైన్ 1881లో ప్రచురించిన నవలకు నండూరి రామమోహనరావు చేసిన తెలుగు. హన్మకొండ శివారులోని మా బడి లైబ్రరీ బీరువాలో అట్ట ఊడినా పేజీలన్నీ మిగిలిన పుస్తకాలు కొన్నే, అందులో ఇదొకటి. ఒకే రోజు పుట్టి, ఒకే ముఖంతో పెరిగిన ఇద్దరు కుర్రాళ్లు. ఒకడు ఎనిమిదో హెన్రీ కొడుకు, ఇంకొకడు లండన్ మురికి సందులో బిచ్చమెత్తేవాడు. సరదాకు బట్టలు మార్చుకుంటారు, అక్కణ్నుంచి ఇద్దరికీ తిప్పలే.

పోలికలూ తేడాలూ నేర్పడానికి ఇంతకంటే అనువైన పుస్తకం లేదని ఎవరైనా అంటారు. చిక్కంతా అక్కడే ఉంది. "పుస్తకం పేరులోనే ఉంది కదా టీచర్, ఒకడు రాజు, ఒకడు పేద. ఇంకేం రాయాలి?" అని ముందు బెంచీ అడిగితే జవాబు చెప్పడం తేలిక కాదు.

బోర్డు మీద రెండు వలయాలు గీశాను, ఒకదాని అంచు మరొకదానిలోకి చొచ్చుకుపోయేలా. ఎడమది టామ్, కుడిది ఎడ్వర్డ్, మధ్యలోకి ఇద్దరికీ చెందినవి. వెనక బెంచీ నుంచి "కళ్లజోడు" అన్నారెవరో. ఆ పద్ధతికి అదే పేరు ఖాయమైపోయింది.

ముందు తెలిసినవాటితో అలవాటు చేద్దామని వేయిస్తంభాల గుడినీ రామప్పనూ తీసుకున్నాను. రెండూ కాకతీయుల కాలానివే. ఒకటి 1163 నాటిది, రుద్రదేవుడు కట్టించాడు. ఇంకొకటి 1213 నాటిది, గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. మొదటిదానిలో శివుడికీ విష్ణువుకూ సూర్యుడికీ మూడు గర్భగుళ్లు, రెండోదానిలో రామలింగేశ్వరుడు ఒక్కడే. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. ఇంతా చెప్పి, "ఇంకో తేడా ఎవరు చెబుతారు?" అన్నాను.

"వేయిస్తంభాల గుడికి తీసుకెళ్లారు టీచర్. రామప్పకు తీసుకెళ్తామని చెప్పారు."

తేడా సరైనదే. క్లాసంతా సాక్ష్యం. మార్కు వేయక తప్పలేదు.

తర్వాత రెండు నియమాలు పెట్టాను. ఒక ప్రశ్న పట్టుకుంటే ఇద్దరికీ అదే వేయాలి. ఏం రాసినా పుస్తకంలో పేజీ నంబరు చూపాలి. మొదటి నియమంతో "టామ్ తండ్రి దొంగ, ఎడ్వర్డ్ బట్టలు పట్టువి" లాంటి వాక్యాలు తగ్గాయి. రెండోది పిల్లలకు మరీ నచ్చేసింది. ఇవాళ గుడ్డు ఇస్తామన్న వంట అక్కను కూడా పేజీ నంబరు అడిగారట.

ఇద్దరికీ వేసే ప్రశ్నగా రాజముద్రను పట్టుకున్నాం. బట్టలు మార్చుకుని బయటికి పరుగెత్తే ముందు ఎడ్వర్డ్ బల్లమీది రాజముద్రను ఒక కవచం చేతి భాగంలో దాస్తాడు, తర్వాత ఆ సంగతే మరిచిపోతాడు. రాజభవనంలో చిక్కుబడ్డ టామ్‌కు అది దొరుకుతుంది. అదేమిటో తెలియక దానితో కాయలు పగలగొట్టుకు తింటాడు. దేశమంతా వెతికే వస్తువు అలా పప్పుల పాలవుతుంది.

క్లాసులో ఎక్కువమంది టామ్ పక్షమే. దాచి మరిచిపోయినవాడికంటే వాడుకున్నవాడు నయమన్నారు. కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి మాత్రం నోట్‌బుక్కులో ఒకే వాక్యం రాసింది: "అదేమిటో తెలిసినవాడికి ఎక్కడుందో తెలియదు, ఎక్కడుందో తెలిసినవాడికి అదేమిటో తెలియదు." ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత చక్కటి పోలిక నేను దిద్దలేదు.

ఆ వారంలోనే మా ఆఫీసులో ఇత్తడి సీలు మాయమైంది.

పై కార్యాలయానికి ఒక కవరు వెళ్లాలి, దానిమీద లక్క ముద్ర ఉండాలి. అటెండరుకు ఇచ్చానని హెడ్మాస్టరు గారు, ఇవ్వలేదని అటెండరు. సొరుగులన్నీ బోర్లించారు. పోయిన ఏడాది పోయిన స్టేప్లరు దొరికింది. కొవ్వొత్తి మీద కరిగించిన లక్క కవరు మీద ఎర్రగా పడి, కాసేపు చూసి, గట్టిపడిపోయింది. గీకి మళ్లీ కరిగించారు. బయట బాదంచెట్టు కింద నుంచి ఆగకుండా టక్, టక్ మని చప్పుడు.

"ముందు ఆ చప్పుడు ఆపించండి, మనిషిని ఆలోచించుకోనివ్వరా!" అని హెడ్మాస్టరు గారు విసుక్కున్నారు.

సరిగ్గా అప్పుడే కిటికీ అమ్మాయి సుద్దముక్కల కోసం వచ్చింది. నవల చివర్లో పట్టాభిషేకం వేళ టామ్ ఏం చేస్తాడో చదివిన పిల్ల. ముద్ర ఎక్కడ పెట్టావని గద్దించకుండా, ఆనాటి సంగతులు ఒక్కొక్కటిగా గుర్తుచేసి ఎడ్వర్డ్ నోటే చెప్పిస్తాడు.

"సార్, చివరిసారి సీలు వేసింది ఎప్పుడు?"

"పోయిన నెలమ్మా."

"వేసి బీరువాలో పెట్టారా సార్?"

"బీరువా తాళం పాడైంది కదా."

"మరి చేత్తో పట్టుకుని ఎటు నడిచారు సార్?"

ఆయన లేచి నడిచారు. వెనకే ఆ పిల్ల, అటెండరు, నేను. వరండా దాటి, ఆటసామాను గదిలోకి వెళ్లి, పెట్టె మూత తీసి, "ఇదిగో, ఈ క్రికెట్ ప్యాడులో దూర్చాను, ఎవరూ చూడరని!" అన్నారు విజయగర్వంతో. కవచాల్లేని బడిలో అంతకంటే కవచంలాంటిది దొరకదు మరి. ప్యాడు దులిపితే ఒక బొద్దింక రాలింది.

టక్, టక్.

నలుగురమూ ఒకేసారి చెట్టు వైపు తిరిగాం. ఆరో తరగతి కుర్రాళ్లిద్దరు, ఎండిన బాదంకాయలు కుప్పపోసుకుని, సీలును తలకిందులుగా పట్టుకుని కొడుతున్నారు. వాళ్లకు ఆ పుస్తకం చెప్పనైనా లేదు, అది ఏడో తరగతికే.

"ఇదేమిటో తెలుసా?" అని హెడ్మాస్టరు గారు గర్జించారు.

"బాదంపప్పు సార్" అంటూ ఒకడు భయంతో గుప్పెడు పప్పులు ముందుకు చాచాడు. ఆయన ఒకటి తీసుకున్నారు. తర్వాత ఇంకొకటి. సీలు అంచు ఒకచోట నొక్కుకుపోయింది కానీ బడి పేరు చదవగలిగేలానే ఉంది. లక్కలో రెండు పీచు పోగులు అంటుకుని కవరు వెళ్లిపోయింది.

మర్నాడు మా గోడమీది చార్టులో కళ్లజోడు పక్కన ఇంకో కళ్లజోడు వెలిసింది. ఒక వలయంలో హెడ్మాస్టరు గారు: "సీలు విలువ తెలుసు. దాచారు. మరిచిపోయారు." రెండోదానిలో ఆరో తరగతివాళ్లు: "సీలంటే ఏమిటో తెలియదు. కానీ పని జరిగింది." మధ్యలో, ఇద్దరికీ చెందినది: "బాదంపప్పు ఇష్టం."

చించేద్దామని నేను లేచేలోపే ఆయన రౌండుకు వచ్చారు. కళ్లజోడు సవరించుకుని ఆసాంతం చదివారు. కోప్పడలేదు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి "మరిచిపోయారు" కొట్టేసి, పైన గుండ్రటి అక్షరాలతో "భద్రపరిచారు" అని రాశారు.

క్లాసు నిశ్శబ్దంగా ఉంది. కిటికీ అమ్మాయి లేచి నిలబడి చేతులు కట్టుకుంది.

"సార్, పేజీ నంబరు?"